మక్కీకి మక్కీ

మా తాత అబద్ధాలు చెప్పేవాడు కాదు, కథలు చెప్పేవాడు. ఈ రెండిటికీ తేడా ఉందని నాకు ఆయన పోయిన చాలా ఏళ్ళకి గానీ తెలిసిరాలేదు.

ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బెంగాల్ నాగపూర్ రైల్వే పుణ్యమా అని ఆ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బోలెడు కుటుంబాలు ఖరగ్‌పూర్ చేరాయి. ఇప్పటికీ అక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు వినపడుతుంది. మీ అందరికీ అది ఐఐటీ ఉన్న ఊరు. మాకు మాత్రం తాత ఊరు. రిటైరయ్యాక పలాస దగ్గర సొంతూరికి వచ్చేశాడు. వేసవి సెలవుల్లో వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నప్పుడు పైన ఏ విమానం కనబడినా ఆయన మొదలెట్టేవాడు.

"ఇవేటి ఇమానాలురా! యుద్ధం టైములో మా కర్గపూర్లో ఎండి ఇమానాలుండీవి. ఒక్కోటి రైలు పెట్టె కంటే పొడుగు. రష్యావోలు ఒకటి అట్టుకుపోయి, ఇప్పదీసి, అచ్చు అలాటివే సేసీసినారు."

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. సోషల్ పుస్తకం అప్పుడే బట్టీ పట్టి ఉన్నాను కాబట్టి నాకంటే తెలివైనవాడు భూమ్మీద లేడు. "తాతా, ఆ యుద్ధంలో అమెరికా, రష్యా ఒకే పార్టీ. సొంత పార్టీ వాడి విమానం ఎవడైనా లాక్కుంటాడా? అయినా ఖరగ్‌పూర్ ఎక్కడ, రష్యా ఎక్కడ?" అని అట్లాసు తీసి చూపించాను. తాత అట్లాసు వంక చూడలేదు. "నాకేటి తెలుసు? అట్టుకున్నారని తెలుసు" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరైనా కోతలు కోస్తే "ఇదేదో తాత రష్యా విమానంలా ఉందే" అనడం మాకు అలవాటైపోయింది. ఆయన ముందు కూడా అనేవాళ్ళం. 1998లో ఆయన పోయాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక రాత్రి ఆన్-కాల్ డ్యూటీలో కూర్చుని, నిద్ర రాకుండా ఉండటానికి రివర్స్ ఇంజనీరింగ్ మీద ఏదో చదువుతున్నాను. మొదటి ఉదాహరణే సోవియట్ యూనియన్ టూ-4 బాంబరు. అమెరికా బీ-29ని చూసి మక్కీకి మక్కీ కట్టినది. ఆ బీ-29లు ఎక్కడి నుంచి బయల్దేరాయయ్యా అని చూస్తే, ఖరగ్‌పూర్!

రాత్రి రెండున్నరకి అమ్మకి ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయాను. ఆ రాత్రి పట్టుకున్న తీగ మూడేళ్ళు లాగుతూనే ఉన్నాను. ఇంట్లో "మళ్ళీ విమానాలా?" అని విసుక్కునేంత దాకా వచ్చింది :)

ముందు నా తొమ్మిదో తరగతి ప్రశ్న సంగతి చూద్దాం. ఒకే పార్టీ వాడి విమానం ఎందుకు పట్టుకుంటాడు? ప్రశ్న తప్పేమీ కాదు, దానికి జవాబు సోషల్ పుస్తకంలో లేకపోవడమే తప్పు. 1941 ఏప్రిల్ 13న సోవియట్ యూనియన్, జపాన్ తటస్థ ఒప్పందం రాసుకున్నాయి. నీ యుద్ధంలోకి నేను రాను, నా యుద్ధంలోకి నువ్వు రాకు అని. రెండు నెలల్లో జర్మనీ రష్యా మీద పడింది. డిసెంబరులో జపాన్ అమెరికా మీద పడింది. దాంతో ఒక విచిత్రం తయారైంది. జర్మనీ విషయంలో రష్యా అమెరికాకి మిత్రదేశం. జపాన్ విషయంలో తటస్థ దేశం. ఒకే దేశం, ఒకే రోజున, పశ్చిమాన ఒక హోదా, తూర్పున ఇంకో హోదా. 1945 ఆగస్టు 8న రష్యా జపాన్ మీద యుద్ధం ప్రకటించేదాకా ఇలాగే నడిచింది.

ఇది ఊరికే కాగితం మీది తటస్థత కూడా కాదు. అమెరికా రష్యాకి పంపిన యుద్ధ సాయంలో దాదాపు సగం పసిఫిక్ మీదుగా, రష్యా జెండా కట్టిన ఓడల్లో, జపాన్ ముక్కు కిందుగానే వ్లాదివొస్తోక్ చేరేది. జపాన్‌కి కోపం తెప్పిస్తే ఆ దారి బంద్. అందుకని జపాన్ మీద బాంబులేసి వచ్చిన అమెరికన్ విమానం ఏదైనా రష్యా నేల మీద దిగితే, తటస్థ దేశాల పద్ధతి ప్రకారం విమానాన్నీ మనుషుల్నీ పట్టి ఉంచాల్సిందే. స్విట్జర్లాండు, స్వీడన్ చేసింది కూడా అదే. ఒక్క స్విట్జర్లాండులోనే నూట అరవైకి పైగా అమెరికన్ విమానాలు దిగాయి.

రష్యాలో ఈ వరసకి బోణీ చేసింది బీ-29 కాదు. 1942 ఏప్రిల్ 18న డూలిటిల్ నాయకత్వంలో పదహారు బీ-25లు ఓడ మీద నుంచి లేచి టోక్యో వగైరా మీద బాంబులేశాయి కదా. పదిహేను విమానాలు చైనా వైపు వెళ్ళి కూలిపోయాయి, లేదా నీళ్ళల్లో పడ్డాయి. కెప్టెన్ ఎడ్వర్డ్ యార్క్ నడిపిన ఒక్క విమానం మాత్రం పెట్రోలు చాలక వ్లాదివొస్తోక్ దగ్గర దిగింది. బయల్దేరకముందు అమెరికాలో డిపోలో దాని కార్బురేటర్లు మార్చేశారట, అప్పట్నుంచీ అది ఇంధనం తెగ తాగింది. (ప్రొడక్షన్‌కి వెళ్ళే ముందు ఎవరో ఒక కాన్ఫిగరేషన్ మార్చారన్నమాట. యుగాలు మారినా ఇది మారదు.) ఆ అయిదుగురినీ పదమూడు నెలలు ఉంచుకున్నారు. 1943 మేలో వాళ్ళు దొంగరవాణా చేసేవాడికి డబ్బులిచ్చి, ఇరాన్ సరిహద్దు దాటి "తప్పించుకున్నారు". ఆ దొంగరవాణా మనిషిని ఏర్పాటు చేసింది సోవియట్ రహస్య పోలీసులేనని చాలా ఏళ్ళ తర్వాత బయటపడింది. వదిలెయ్యాలి, వదిలేసినట్టు కనబడకూడదు. ఏం చేస్తారు మరి!

ఇక మా తాత విమానాల సంగతి. బీ-29 అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద, ఖరీదైన, అంతు చిక్కని బాంబరు. ఇంజన్లు మాటిమాటికీ వేడెక్కి తగలబడేవి. 1944లో వాటిని జపాన్ మీదకి పంపాలంటే దగ్గర్లో దీవులేవీ అమెరికా చేతిలో లేవు. అందుకని బెంగాల్లో ఖరగ్‌పూర్ చుట్టుపక్కల, ఖరగ్‌పూర్, చాకులియా, పియార్డోబా, దూధ్‌కుండీల్లో స్థావరాలు పెట్టారు. ఇక్కడి నుంచి హిమాలయాలు దాటి చైనాలో చెంగ్డూ దగ్గరకి వెళ్ళి, అక్కడ పెట్రోలు నింపుకుని జపాన్ వెళ్ళాలి. ఆ చెంగ్డూకి పెట్రోలు ఎలా వెళ్ళాలి? అది కూడా ఇక్కడి నుంచే, హిమాలయాల మీదుగా, విమానాల్లోనే. ఒక్క దాడికి సరిపడా పెట్రోలు పోగెయ్యడానికి అవే బాంబర్లు ట్యాంకర్లలాగా మళ్ళీ మళ్ళీ తిరగాలి. ఇంత తలకిందులు ఆర్కిటెక్చరు నేను నా సర్వీసులో ఒకట్రెండు సార్లే చూశాను.

వీటన్నిటికీ ముఖ్య కార్యాలయం ఖరగ్‌పూర్లో, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ఉండేది. స్వాతంత్ర్యోద్యమ ఖైదీలని పెట్టిన జైలు అది. 1951లో మొదటి ఐఐటీ మొదలైంది కూడా ఆ భవనంలోనే. జైలు, బాంబర్ల ఆఫీసు, ఇంజనీరింగు కాలేజీ. ఒకే భవనానికి మూడు ఉద్యోగాలు. అక్కడ చదువుకున్న మిత్రులెవరైనా ఇది చదువుతుంటే, మీ కాలేజీ మీద కాస్త అసూయగా ఉందని మనవి.

వెతకడం మొదలెట్టాక నాకు అర్థమైన మొదటి విషయం, ఇది డేటాబేసు సమస్య అని. ఒక పుస్తకం మూడు బీ-29లంటుంది, ఇంకోటి నాలుగంటుంది. విమానాలకి సిబ్బంది ముద్దుపేర్లు పెట్టుకునేవారు. ఒకే పేరు రెండు విమానాలకి ఉండొచ్చు, ఒకే పేరు రెండు రకాలుగా రాయొచ్చు. పేర్లని నమ్ముకుని టేబుళ్ళు కలిపితే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. సీరియల్ నంబరొక్కటే నమ్మదగిన ప్రైమరీ కీ. దాంట్లో మొదటి రెండంకెలు విమానం ఆర్డరిచ్చిన ఆర్థిక సంవత్సరం.

అలా నంబర్లతో కలిపి చూస్తే లెక్క తేలింది. 42-6256, పేరు ర్యాంప్ ట్రాంప్, 1944 జులై 29న మంచూరియాలో అన్షాన్ ఉక్కు కర్మాగారం మీద దాడికెళ్ళి, దెబ్బతిని, వ్లాదివొస్తోక్‌లో దిగింది. పియార్డోబా విమానం. ఆగస్టు 20న యవాటా మీద దాడికెళ్ళిన చాకులియా విమానం కేట్ పావోమాట్ రష్యా మీదకి వచ్చింది గానీ దిగలేదు, సిబ్బంది పారాచూట్లతో దూకేశారు, విమానం కొండల్లో కూలిపోయింది. మూడా నాలుగా అన్న తేడా ఇక్కడ వచ్చింది. వెళ్ళినవి నాలుగు, దిగినవి మూడు. నవంబరు 11న 42-6365, నవంబరు 21న 42-6358. ఈ రెండూ ఒమురా మీద దాడికెళ్ళినవే. రెండూ 468వ బాంబర్ గ్రూపువి. ఆ గ్రూపు స్థావరం ఖరగ్‌పూర్.

ఆ వరస చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మూడింట్లో రెండు మా తాత ఊరివి!

42-6365 పేరు జనరల్ హెచ్ హెచ్ ఆర్నాల్డ్ స్పెషల్. అమెరికా వైమానిక దళాధిపతి ఆర్నాల్డ్ 1944లో విచిటా ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు ఏరికోరి తన సంతకం పెట్టిన విమానం. ఆ సంతకం ఖరగ్‌పూర్ మీదుగా వ్లాదివొస్తోక్ చేరింది. మాస్కోలో నట్టునట్టుగా విప్పేసింది ఈ విమానాన్నే. ర్యాంప్ ట్రాంప్‌ని నడిపి చూడటానికి, పైలట్లకి నేర్పడానికి ఉంచుకున్నారు. 42-6358, డింగ్ హావ్ అనే మూడోదాన్ని సరిపోల్చుకోవడానికి కదల్చకుండా పెట్టుకున్నారు. ఒకటి డెవలప్‌మెంటుకి, ఒకటి టెస్టింగుకి, ఒకటి రిఫరెన్సుకి. ఇంతకంటే బాగా ఎన్విరాన్‌మెంట్లు విడదీసిన ప్రాజెక్టు నేను ఇంకా చూడాలి.

మనుషులని తాష్కెంట్ దగ్గర శిబిరంలో పెట్టి, 1945 మొదట్లో మళ్ళీ ఇరాన్ దారినే పంపేశారు. బయట నోరెత్తకూడదని గట్టిగా చెప్పి పంపారు. విమానాలు మాత్రం వెనక్కి రాలేదు. రష్యా అంతకుముందు బీ-29లు ఇమ్మని అడిగింది, అమెరికా ఇవ్వలేదు. అడిగితే ఇవ్వని సరుకు వాకిట్లోకొచ్చి వాలింది.

ఇక్కడ తుపొలేవ్ గురించి చెప్పాలి. ఈ కాపీ బాధ్యత ఆయన మీద పడింది. ఆయన అప్పటికే రష్యాలో పెద్ద డిజైనరు. 1937లో అరెస్టయి, 1941 దాకా ఖైదీగానే విమానాలు గీశాడు, జైల్లోనే డిజైన్ ఆఫీసు పెట్టి చేయించారు. బయటికొచ్చాక సొంతంగా నాలుగింజన్ల బాంబరు ఒకటి గీస్తున్నాడు. అది పక్కన పెట్టి బీ-29ని ఉన్నదున్నట్టు దించమని 1945లో స్టాలిన్ ఆర్డరు. గడువు రెండేళ్ళు. ఒక్కో భాగాన్నీ విప్పి, తూచి, కొలిచి, ఫొటో తీసి, గీశారు. లక్షా అయిదు వేల డ్రాయింగులయ్యాయి. దాదాపు 900 ఫ్యాక్టరీలు, పరిశోధనాలయాలు పనిచేశాయి.

"కాపీయే కదా" అని మా అత్త కొడుకు ఒకడు తీసిపడేశాడు. వాడు ప్రొడక్ట్ కంపెనీ. నేను సర్వీసెస్ కంపెనీ. ఇరవయ్యేళ్ళుగా వాడి దృష్టిలో నేను చేసేది కూడా కాపీయే. అందుకని ఈ విషయం మీద నాకు కొంచెం ఎక్కువే ఇంటరెస్టు పుట్టిందని ఒప్పుకుంటాను.

కాపీలో అసలు చిక్కు అంగుళం దగ్గర వచ్చింది. అమెరికా వాడిది అంగుళాల లెక్క. రష్యా వాడిది మెట్రిక్. బీ-29 ఒంటి మీది అల్యూమినియం రేకు మందం అంగుళంలో పదహారో వంతు అనుకోండి. అంటే 1.5875 మిల్లీమీటర్లు. ఆ మందంలో రేకు రష్యాలో ఏ మిల్లులోనూ రాదు. పెద్ద అంకెకి సరిచేస్తే విమానం బరువెక్కుతుంది. చిన్న అంకెకి సరిచేస్తే బలహీనపడుతుంది. ఒక రేకుతో పోయేది కాదు. వైర్లు, బోల్టులు, రివెట్లు, ప్రతిదానిదీ ఇదే గోల. "ఉన్నదున్నట్టు" అని పైనుంచి ఆర్డరిచ్చినవాడికి ఈ సంగతి తెలీదు. కింద కూర్చున్న ఇంజనీరు మాత్రం ప్రతి భాగం దగ్గరా పైకా, కిందకా అని తేల్చుకోవాలి. తేల్చి సంతకం పెట్టాలి. ఆ రోజుల్లో ఆ దేశంలో సంతకం పెట్టడమంటే ఏమిటో తుపొలేవ్‌కి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

చివరికి కొన్నిచోట్ల భద్రత కోసం ఉంచే అదనపు బలాన్ని తగ్గించుకున్నారు, కొత్త మిశ్రలోహాలు తయారు చేయించుకున్నారు. అంతా అయ్యాక టూ-4 బీ-29 కంటే సుమారు 340 కిలోలే ఎక్కువ తూగింది. ఒక్క శాతం కూడా కాదు. అంత పెద్ద విమానం మీద నలుగురైదుగురు మనుషుల బరువు! ఇది కాపీ అంటే నేనొప్పుకోను. ఇంజన్లయితే అసలు వేరే. సోవియట్ వాళ్ళ సొంత ఏఎష్-73 ఇంజన్లు పెట్టారు. తుపాకులు కూడా వాళ్ళవే.

ఇది చదివాక నేను బీరువాలోంచి తాత స్టీలు స్కేలు తీశాను. ఒక వైపు అంగుళాలు, ఇంకో వైపు మిల్లీమీటర్లు. మన దేశంలో మెట్రిక్ చట్టం 1956లో వచ్చి, తర్వాత కొన్నేళ్ళలో మెల్లమెల్లగా అమల్లోకొచ్చింది. అంటే తాత సగం సర్వీసు అంగుళాల్లో, సగం మిల్లీమీటర్లలో చేశాడు. పాత డ్రాయింగు అంగుళాల్లో ఉంటుంది, కొత్త రేకు మిల్లీమీటర్లలో వస్తుంది. రష్యావాళ్ళు విమానంతో పడిన పాట్లు ఆయన రైలు పెట్టెలతో పడి ఉంటాడు. నేను అడిగి ఉంటే చెప్పేవాడు. నేను అట్లాసు చూపించాను.

ఆయన అణా పైసల గురించి మాత్రం అడక్కుండానే చెప్పేవాడు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. రూపాయికి పదహారు అణాలు, వంద నయాపైసలు. అంటే అణాకి ఆరుంపావు. పావు పైసా నాణెం లేదు కాబట్టి అణాకి ఆరు పైసలే. "ఆ పావు పైసా ఎవుడు తినీసినాడ్రా?" అని నవ్వేవాడు. నిజానికి ప్రభుత్వం వేసిన పట్టీలో మూడణాలకి పద్దెనిమిది ముప్పావుకి బదులు పంతొమ్మిది ఇచ్చారు. అంటే ఒకచోట పోయినా ఇంకోచోట వచ్చేది.

ఈ పావు పైసా దగ్గరే నా సొంత సంగతి ఒకటుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

చాలా ఏళ్ళ క్రితం ఒక మైగ్రేషన్ ప్రాజెక్టులో ఉన్నాను. క్లయింటు పేరు అనవసరం, మా కంపెనీ పేరు అంతకంటే అనవసరం. పాత కోబాల్ సిస్టంని జావాలోకి మార్చాలి. ఒప్పందంలో మొదటి వాక్యమే "యాజ్ ఈజ్". పొదుపు ఖాతాల మీద వడ్డీ లెక్కగట్టే మాడ్యూలు నాకొచ్చింది. లైనులైనూ చదువుకుంటూ పోతే ఒకచోట ఆగిపోయాను. రోజు వడ్డీ లెక్కేసి, రెండు దశాంశ స్థానాల తర్వాత మిగతాది కత్తిరించి పారేస్తోంది. నెలాఖరులో కాదు, ప్రతి రోజూ.

చిన్న లెక్క చూడండి. వెయ్యి డాలర్లు, మూడు శాతం వడ్డీ. ఏడాదికి ముప్ఫై రావాలి. రోజుకి 0.0821 పైచిలుకు. దాన్ని 0.08 చేసి 365 రోజులు కూడితే 29.20. ఎనభై సెంట్లు మాయం. వెయ్యికి ఎనభై సెంట్లంటే ఎవరూ చూడరు. లక్షల ఖాతాలుంటే? పైగా ఇది ఎప్పుడూ కిందికే. మా తాత పైసలకైనా మూడణాల దగ్గర ఒక పావు తిరిగొచ్చేది. దీంట్లో ఎక్కడా తిరిగి రాదు.

లీడ్‌కి ఒక మెయిల్ రాశాను. ఒక్కటే. ఆయన సీటు దగ్గరకొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "యాజ్ ఈజ్ అంటే యాజ్ ఈజే బాబూ. పాత అవుట్‌పుట్, కొత్త అవుట్‌పుట్ పోల్చి చూస్తారు. ఒక్క సెంటు తేడా వచ్చినా అది మన డిఫెక్టే." ఆయనది తప్పనలేను. నేను రౌండింగ్ మోడ్ డౌన్ అని పెట్టి, కావాలనే, జాగ్రత్తగా, ఆ తప్పుని మక్కీకి మక్కీ దించాను. పైన ఒక కామెంటు రాశాను: "పాత సిస్టంలో ఉన్నట్టే." అంతే. ఇది తప్పని నాకు తెలుసని రాయలేదు. ఎవరికి నష్టమో రాయలేదు. తేడా సున్నా వచ్చింది. జీరో డిఫెక్ట్ అని ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. అదింకా ఇంట్లో ఎక్కడో ఉంది.

టూ-4 గురించి ఇంజనీర్లు చెప్పుకునే కథలు చాలా ఉన్నాయి. బీ-29 రెక్కలో పొరపాటున వేసిన చిల్లు ఒకటి ఉంటే దాన్ని కూడా ప్రతి విమానానికీ వేశారనీ, రెక్కల మీద నక్షత్రం ఎర్రగా వెయ్యాలా తెల్లగా వెయ్యాలా అని పైకి అడిగారనీ. ఇవి నేను కథలుగానే తీసుకుంటాను. ఇంజన్లు, తుపాకులు, రేకులు మార్చుకున్నవాళ్ళు చిల్లు దగ్గర మాత్రం వణికిపోయారంటే నవ్వు రావచ్చు గానీ, ఆ కథ ఎందుకు పుట్టిందో నాకర్థమైంది. తప్పని తెలిసి కూడా దించడం ఎలా ఉంటుందో చేసినవాడికే తెలుస్తుంది. వాళ్ళ వెనక స్టాలిన్ ఉన్నాడు. నా వెనక ఉన్నది వచ్చే నెల అప్రైజలు.

1947 మే 19న మొదటి టూ-4 ఎగిరింది. ఆగస్టు 3న మాస్కో దగ్గర తూషినోలో విమానాల పండగ. విదేశీ ప్రతినిధులు కూర్చుని చూస్తున్నారు. మూడు బీ-29లు వచ్చాయి. సరే, మనవే, మూడు పట్టుకున్నారు కదా అనుకున్నారు. వాటి వెనకాల నాలుగోది వచ్చింది. అదే ఒడ్డూపొడుగూ రెక్కలు, కాకపోతే ప్రయాణికుల విమానం, టూ-70. నాలుగోది కనబడేసరికి అందరికీ విషయం అర్థమైంది. (తమాషా ఏమిటంటే ఈ నాలుగోదాంట్లో కొన్ని భాగాలు నిజం బీ-29లవే. టూ-4 కంటే ముందే, 1946 నవంబరులోనే ఎగిరింది కూడా.) మొత్తం 847 టూ-4లు కట్టారు. 1951 అక్టోబరు 18న రష్యా మొదటిసారి విమానం నుంచి అణుబాంబు వేసింది టూ-4 నుంచే. కొన్నిటిని చైనాకిచ్చారు. బీజింగ్ దగ్గర మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

ఇదంతా అమ్మకి ఫోన్‌లో చెప్పాను. ఆవిడ అంతా విని, "మరి అప్పుడు మీరందరూ ఆయన్ని ఎందుకంత వేళాకోళం చేశారురా?" అంది. నా దగ్గర 42-6365 ఉంది గానీ దానికి జవాబు లేదు.

పోయిన నెల ఆ పాత ప్రాజెక్టులో నాతో పనిచేసిన జూనియర్ కుర్రాడు ఫోన్ చేశాడు. (కుర్రాడేం కాదు, ఇప్పుడు వాడే ఆ అకౌంటుకి ఆర్కిటెక్టు.) మేం కట్టిన జావా సిస్టంని ఇప్పుడు క్లౌడ్‌లోకి మారుస్తున్నారట. ఎలా అన్నాను. "యాజ్ ఈజ్ అన్నా" అన్నాడు.

వడ్డీ మాడ్యూల్లో నా కామెంటు ఇంకా ఉందా అని అడిగాను. వెతికి చదివాడు. "పాత సిస్టంలో ఉన్నట్టే అని ఉందన్నా. దాని కింద ఎవరో ఇంకోటి రాశారు, దయచేసి ముట్టుకోవద్దు అని."

ఆ రాత్రి కూర్చుని వాడికి పెద్ద మెయిల్ రాశాను. వెయ్యి డాలర్లు, మూడు శాతం, ముప్ఫై, 29.20. ఎక్కడ కత్తిరిస్తోంది, ఎవరికి పోతోంది, ఇది అప్పుడే నాకు తెలుసన్న సంగతి, అన్నీ రాశాను. మర్నాడు వాడి నుంచి ఫోన్.

"అన్నా, ఇది మన స్కోపులో లేదు కదా."

లేదన్నాను. అయినా క్లయింటుకి రాసి పంపమన్నాను.

"పంపుతాను గానీ, ఇన్నేళ్ళ తర్వాత ఎవరు కనిపెట్టారని అడిగితే ఏం చెప్పమంటావ్?"

నా పేరు రాయమన్నాను.